సోఫా తెచ్చుకునే ముందు

శాక్రమెంటో

మాధవీ,

ఫోన్‌లో మొదలుపెడితే బాబు ఏడవడమో, ఎవరో తలుపు కొట్టడమో జరిగి మాట సగంలో ఆగిపోతుంది. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. మరిదిగారి ఆఫీసులో ఎవరో డాలస్ వెళ్ళిపోతూ పెద్ద సోఫా ఊరికే ఇస్తామన్నారని, ట్రక్కు అద్దెకి మాట్లాడుకున్నామని ఎంత సంతోషంగా చెప్పావో! ఫ్రీమాంట్‌లో అద్దె కట్టాక చేతిలో ఏం మిగులుతుందో నాకు తెలియనిది కాదు. ఊరికే వచ్చే వస్తువుని వద్దనమని చెప్పడానికి మనసొప్పడం లేదు. అయినా చెబుతున్నాను. దాని అడుగున ఉన్న చీటీ చదవకుండా ఆ సోఫాని ఇంట్లోకి తేవద్దు.

కుషన్లు తీసి చూడు, అక్కడ లేకపోతే సోఫాని వెనక్కి వాల్చి అడుగున గుడ్డ కుట్టిన చోట చూడు. తెల్లటి చీటీ ఒకటి కుట్టి ఉంటుంది. దాని మీద ‘టెక్నికల్ బులెటిన్ 117’ అని ఊరుకుంటే అది పాత నిబంధన ప్రకారం తయారైన సోఫా. ‘117-2013’ అని ఉంటే కొత్తది. కొత్తదైనా అంతటితో ఆగకు. 2015 నుంచి కాలిఫోర్నియాలో అమ్మే సోఫాల మీద మంటల్ని అడ్డుకునే రసాయనాలు కలిపారో కలపలేదో రాయడం తప్పనిసరి చేశారు. రెండు గళ్ళు ఉంటాయి, ఒకదాంట్లో గుర్తు పెట్టి ఉంటుంది. ‘కలపలేదు’ అన్న గడిలో గుర్తు ఉంటే నిశ్చింతగా తెచ్చుకోండి. ఉత్త 117 అయినా, అసలు చీటీయే లేకపోయినా, ఎంత మెత్తగా ఉన్నా సరే, వద్దని చెప్పేయండి.

ఇదంతా అక్క చాదస్తం అనుకుంటావేమో. ఇన్నేళ్ళు ల్యాబులో రసాయనాల మధ్య పనిచేసినదాన్ని, వాటి పేరు వింటేనే బెదిరిపోయే మనిషిని కాను. వస్తువులు పాడవకుండా ఉంచేవీ, నీళ్ళు శుభ్రం చేసేవీ, మందులై ప్రాణాలు నిలబెట్టేవీ కూడా రసాయనాలే. ఈ సోఫాల సంగతి వేరు. వీటివల్ల ఒరిగిన మేలు తక్కువ, జరిగిన కీడు ఎక్కువ. మొదటినుంచీ చెబితే నీకే తెలుస్తుంది.

1975లో కాలిఫోర్నియా ఒక నిబంధన పెట్టింది. సోఫా లోపలి ఫోమ్‌ని విడిగా తీసి చిన్న మంటకి 12 సెకన్లు పట్టి ఉంచినా తట్టుకోవాలన్నది దాని సారాంశం. సోఫాల్లో వాడే పాలియూరిథేన్ ఫోమ్ పెట్రోలియం సరుకు, దాని మానాన వదిలేస్తే గుప్పున అంటుకుంటుంది. పరీక్ష గట్టెక్కడానికి కంపెనీలు అందులో బ్రోమిన్, క్లోరిన్, ఫాస్ఫరస్ ఉన్న పదార్థాలు కలపడం మొదలుపెట్టాయి. ఫోమ్ బరువులో నూటికి ఐదు పాళ్ళ దాకా ఇవే ఉండటం మామూలైపోయింది. వేరే రాష్ట్రాల్లో ఈ నిబంధన లేదు. కానీ కాలిఫోర్నియాకి ఒక రకం, మిగతా దేశానికి ఇంకో రకం చెయ్యడం కంపెనీలకి దండగ కదా, అందుకని చాలామంది అమెరికా అంతటికీ ఇదే సరుకు పంపారు. డాలస్‌లో కొన్న పాత సోఫా కింద కూడా కాలిఫోర్నియా చీటీ కనిపించేది అందుకే.

ఆ ఫోమ్‌లో ఎక్కువగా వాడినది పెంటాబిడిఈ అనే మిశ్రమం. అది ఫోమ్‌తో రసాయనికంగా ముడిపడి ఉండదు, ఊరికే కలిసి ఉంటుంది. కాబట్టి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తూనే ఉంటుంది. మనం కూర్చున్న ప్రతిసారీ కుషన్‌లోని గాలి బయటికి తోసుకొస్తుంది, పాత ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది. బయటికి వచ్చిన పదార్థం గాలిలో ఎంతోసేపు నిలవదు, దుమ్ముని పట్టుకుని కింద చేరుతుంది. సోఫా కింద, గోడ వార, కిటికీ గట్టు మీద, కార్పెట్ పోగుల్లో. పెద్దవాళ్ళం మనం ఆ దుమ్ముకి ఐదడుగుల ఎత్తున తిరుగుతాం. పది నెలల మీ వాడు అందులోనే పాకుతాడు, ఆ చేతుల్నే నోట్లో పెట్టుకుంటాడు.

ఇళ్ళు దాటి బయటికి పోని పిల్లుల రక్తంలో ఈ పదార్థాలు మనుషుల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. పిల్లి ఒంటిమీద దుమ్ముని నాక్కుంటూ ఉంటుంది కదా. చంటిపిల్లలదీ ఇంచుమించు అదే దారి. సలీనాస్ లోయలో పొలం పనులు చేసుకునే మెక్సికన్ కుటుంబాలని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఏడేళ్ళు వచ్చిన పిల్లల రక్తం చూస్తే వాళ్ళ తల్లులకంటే మూడు రెట్లు, మెక్సికోలోనే పెరుగుతున్న పిల్లల కంటే ఏడు రెట్లు ఎక్కువ ఉంది. ఆ తల్లులు గర్భంతో ఉన్నప్పుడూ, ఆ తర్వాత పిల్లల్లోనూ ఎక్కువ మోతాదు కనిపించిన చోట, పిల్లలకి ఏకాగ్రతలో, చేతివేళ్ళతో చేసే సన్న పనుల్లో, తెలివితేటల పరీక్షల్లో కొంత వెనకబాటు కనిపించిందని 2013లో ప్రచురించారు. ఇలాంటి పరిశీలనలు గుంపు గురించి చెబుతాయి కానీ ఒక్క పిల్లాడి గురించి ఏమీ చెప్పవు. నువ్వు ఇంటర్‌లో బైపీసీ చదివావు కాబట్టి దీని వెనక ఉన్న అనుమానం ఎందుకంత బలమైనదో నీకు అర్థమవుతుంది. థైరాక్సిన్ బొమ్మ ఒకసారి గుర్తుచేసుకో. రెండు బెంజీన్ వలయాలు, వాటిని కలుపుతూ ఒక ఆక్సిజన్, చుట్టూ నాలుగు అయోడిన్‌లు. పెంటాబిడిఈలోనూ అవే రెండు వలయాలు, మధ్యన అదే ఆక్సిజన్, అయోడిన్ బదులు బ్రోమిన్. పసివాడి మెదడు ఎదగడానికి థైరాయిడ్ హార్మోన్ ఎంత అవసరమో తెలిసిన ఎవరికైనా ఆ రెండు బొమ్మలు పక్కపక్కన చూస్తే మనసు కలుక్కుమంటుంది.

పోనీ, ఇంత మూల్యానికి నిప్పు నుంచి రక్షణైనా దొరికిందా? నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పరీక్షలో ఫోమ్‌ని ఒట్టిగా మంట మీద పెడతారు. ఇంట్లో అలా జరగదు. ముందు పై గుడ్డ అంటుకుంటుంది. మంట లోపలికి చేరేసరికి అది అగ్గిపుల్ల మంట కాదు, ఆ కాస్త రసాయనం దాన్ని ఆపలేదు. పైగా బ్రోమిన్, క్లోరిన్ ఉన్న సరుకు కాలితే పొగ, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తాయి. ఇళ్ళు తగలబడినప్పుడు చాలామంది ప్రాణం తీసేది మంట కాదు, పొగ. మంటలార్పే సిబ్బందే ఈ రసాయనాలు వద్దని చట్టసభ ముందుకి వచ్చి మొరపెట్టుకున్నారు, తమ వాళ్ళకి వస్తున్న క్యాన్సర్ల గురించి చెప్పుకున్నారు. అసలు సోఫాలు అంటుకోవడానికి పెద్ద కారణం ఆర్పకుండా వదిలేసిన సిగరెట్. తనంతట తను ఆరిపోయే సిగరెట్ చెయ్యమని అడిగినప్పుడు పొగాకు కంపెనీలు తప్పంతా ఫర్నిచర్ మీదికి నెట్టాయి. అది రసాయనాల కంపెనీలకి కలిసొచ్చింది. ఈ కథంతా 2012లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక వరసగా బయటపెట్టింది. మంటల్లో కాలిపోయిన పసిబిడ్డ కథ చెప్పి ఇక్కడి శాసనసభ్యుల్ని కదిలించిన ఒక పెద్ద డాక్టరు గురించి, ఆయన చెప్పిన తీరున అలాంటి బిడ్డే లేదని తేల్చింది. ఆయన్ని నిలబెట్టిన సంస్థకి డబ్బు ఇచ్చింది ఈ రసాయనాలు తయారుచేసే మూడు కంపెనీలే. ఉన్న బిడ్డల రక్తంలో ఉన్నదాన్ని పక్కనపెట్టి లేని బిడ్డ పేరు చెప్పారంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఆర్లీన్ బ్లమ్ గురించి నీకు ఎప్పుడైనా చెప్పానా? 1978లో ఆడవాళ్ళ జట్టుని అన్నపూర్ణ శిఖరం మీదికి నడిపించింది ఆవిడే. రసాయన శాస్త్రవేత్త. దానికి ముందు ఏడాది, 1977 జనవరిలో, బ్రూస్ ఏమ్స్‌తో కలిసి ఆవిడ రాసిన వ్యాసం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పిల్లల రాత్రి బట్టల్లో కలుపుతున్న ట్రిస్ అనే రసాయనం జన్యువుల్ని మార్చగలదని అందులో చూపించారు. కొద్ది నెలల్లోనే ప్రభుత్వం ఆ బట్టల్ని నిషేధించింది. వెంటనే దాని స్థానంలోకి క్లోరిన్ ట్రిస్ వచ్చింది, అదీ అనుమానాస్పదమే అని తేలి పిల్లల బట్టల నుంచి పోయింది. ఆవిడ కొండలెక్కి, పిల్లని పెంచుకుని, దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఈ పనిలోకి వస్తే, అదే క్లోరిన్ ట్రిస్ సోఫాల్లో, చంటిపిల్లల పరుపుల్లో ఎదురుపడింది! 2004 చివర అమెరికాలో పెంటాబిడిఈ తయారీ ఆగిపోతే ఖాళీ అయిన చోటుని ఇది ఆక్రమించింది. ఒకటి పోతే దాని దాయాది ఇంకొకటి వచ్చి కూర్చోవడం ఈ రంగంలో పదేపదే జరిగింది. ఆవిడా, ఆవిడలాంటి వాళ్ళూ పట్టువదలకుండా పోరాడబట్టే 2013లో నిబంధన మారింది. ఇప్పుడు పరీక్ష పై గుడ్డకి, అదీ రగిలే సిగరెట్‌తో. రసాయనం కలపకుండానే చాలా గుడ్డలు గట్టెక్కుతాయి. 2020 నుంచి కాలిఫోర్నియాలో కొత్త సోఫాల్లో, పరుపుల ఫోమ్‌లో, పిల్లల సామాన్లలో ఈ రసాయనాలు కలపడమే నిషేధం. 2021 నుంచి సిగరెట్ పరీక్ష దేశమంతటికీ వర్తిస్తోంది.

చట్టం మారితే ఒంట్లో మార్పు వస్తుందా అని అడుగుతావేమో. వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో గర్భిణుల రక్తం పరీక్షించిన వాళ్ళు, 2008-09 నాటికీ 2011-12 నాటికీ మధ్య పాత బ్రోమిన్ పదార్థాలు మూడింట రెండు వంతులు తగ్గాయని చూశారు. అంతకుముందు స్వీడన్‌లో తల్లిపాలలో ఇవి ఐదేళ్ళకోసారి రెట్టింపు అవుతూ పోయి, వాడకం తగ్గాక తగ్గుముఖం పట్టాయి. తల్లిపాలు అన్నాను కదా అని కంగారుపడి బాబుకి పాలు మాన్పించేవు, ఆ పని మాత్రం చెయ్యకు. పాలవల్ల వాడికి అందే బలం ముందు ఇదేమీ లెక్కలోకి రాదు. రక్తపరీక్షలు చేయించాలని కూడా అనుకోవద్దు, ఆ అంకె చూసి చెయ్యగలిగిన వైద్యం ఏమీ లేదు.

చెయ్యాల్సింది ఇంటిపనే. పొడి చీపురుతో, ఈకల కుంచెతో దులిపితే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. తడిగుడ్డతో తుడువు. కార్పెట్‌కి హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ పెట్టు. సోఫా కిందా, టీవీ వెనకా, మంచం మూలా మరిచిపోవద్దు. పాత టీవీల, కంప్యూటర్ల ప్లాస్టిక్ డబ్బాల్లో కూడా బ్రోమిన్ రసాయనాలు కలిపేవారు, అక్కడి దుమ్ము అంత మంచిది కాదు. చేతులు కడుక్కోవడం అన్నిటికంటే ముఖ్యం. న్యూయార్క్‌లో కొందరు ఆడవాళ్ళ చేత వారంపాటు చేతులు తరచుగా కడిగించి, ఇల్లు శ్రద్ధగా శుభ్రం చేయించి చూస్తే, వాళ్ళ చేతుల మీదా ఒంట్లోనూ ఈ పదార్థాలు కొలిచేటంతగా తగ్గాయి. మనది చేత్తో కలిపి తినే అలవాటు. నువ్వు సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుని, లేచి అదే చేత్తో పప్పన్నం మెత్తగా మెదిపి బాబు నోట్లో పెడతావు. అన్నం కలిపే ముందు నీ చేతులూ, తినే ముందు వాడి చేతులూ సబ్బుతో కడుగు. సబ్బే కావాలి, చేతులకి రాసుకునే జెల్ క్రిముల్ని చంపుతుంది గానీ దుమ్ముని తీయదు.

మీ అపార్ట్‌మెంట్‌లో కార్పెట్ ఎప్పటిదో మేనేజర్‌ని కనుక్కో. కార్పెట్ కింద పరిచే రంగురంగుల ముక్కల ఫోమ్ చాలాచోట్ల పాత సోఫాల ఫోమ్‌ని తరిగి అతికించి చేసిందే, అందులో ఉన్నవన్నీ దీంట్లోకీ వస్తాయి. దాన్ని పీకించమని చెప్పను, అద్దె ఇల్లు. ఎప్పుడైనా వాళ్ళే మారుస్తామంటే ఆ రోజు బాబుని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్యి, పీకేటప్పుడే దుమ్ము ఎక్కువ రేగుతుంది. ఈలోగా వాడు పాకే చోట అమ్మ కుట్టిన బొంతలు పరిచి, వారానికోసారి ఉతుకు. పాత చీరల నూలు బొంతకి మించిన పరుపు ఏ షాపులోనూ దొరకదు.

కారు సంగతి కాస్త చిక్కు. కార్లలో సీట్లకి మంట పరీక్ష 1970ల మొదట్లో పెట్టింది ఇంకా అలాగే ఉంది. ఆ పరీక్ష కోసం సీటు ఫోమ్‌లో ఇప్పటికీ ఈ రసాయనాలు కలుపుతున్నారు, ఎండకి కారు వేడెక్కితే లోపలి గాలిలో ఇంకా ఎక్కువవుతాయని ఈమధ్యే కొలిచి చూపించారు. ఎక్కగానే అద్దాలు కాసేపు దించండి, దొరికితే నీడలో పెట్టండి. బాబు కారు సీటు మాత్రం ఏ కారణానికీ మానవద్దు, ఒక్క వీధి దూరమైనా సరే. ప్రమాదంలో ప్రాణం కాపాడేది అదే. ఈసారి పెద్ద సీటుకి మారేటప్పుడు రసాయనం కలపని గుడ్డతో చేసినవి దొరుకుతున్నాయి, అవి చూడండి.

మన వాట్సాప్ గ్రూపులో పిన్ని పంపిన నల్ల గరిటెల వార్త చూసి నీ వంటింట్లో సామాను పారేశానన్నావు. ఆ పరిశీలనలో మూలవిషయం నిజమే. పాత టీవీల ప్లాస్టిక్‌ని కరిగించి మళ్ళీ వాడటంవల్ల కొన్ని నల్ల ప్లాస్టిక్ వస్తువుల్లోకి డెకాబిడిఈ లాంటి బ్రోమిన్ రసాయనాలు చేరాయి. కానీ 2024లో వచ్చిన ఆ వ్యాసంలో ఒక గుణకారం తప్పింది. మనిషికి ప్రమాదం లేని రోజువారీ హద్దు 4,20,000 నానోగ్రాములైతే 42,000 అని వేశారు. గరిటెలవల్ల అందుతుందని అంచనా వేసింది సుమారు 34,700. హద్దుని ఆనుకుని ఉన్నట్టు కనిపించింది, నిజానికి అందులో పదో వంతు కూడా లేదు. తర్వాత వాళ్ళే సరిదిద్దారు. నల్ల ప్లాస్టిక్ గరిటె నూనె మరిగే మూకుట్లో వదిలేయకుండా ఇనుపదో చెక్కదో వాడితే చాలు. ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఎంత మోతాదు, ఏ దారిన, ఎవరి ఒంట్లోకి అని అడగడం అలవాటు చేసుకో. ఆ లెక్కన చూస్తే పాకే పిల్లాడున్న ఇంట్లో పాత సోఫా ముందు నిలబడుతుంది, గరిటె ఎక్కడో వెనక ఉంటుంది.

ఇక నిప్పు భయం. అది నిజమైన భయమే, తేలిగ్గా తీసుకోవద్దు. మొన్న వచ్చినప్పుడు మీ హాల్లో పొగ అలారం చూశాను, బ్యాటరీ లేదు. పోపు వేసినప్పుడల్లా మోగుతోందని తీసేశామన్నావు. మనవాళ్ళ ఇళ్ళలో సగం చోట్ల ఇదే కథ. ఈ దేశంలో ఇళ్ళ మంటల్లో చావులు తగ్గాయంటే అందులో పెద్ద పాత్ర ఈ అలారాలది, పొగతాగడం తగ్గడానిది. ఈ ఉత్తరం చదవడం అవగానే బ్యాటరీ పెట్టు. పోపు పెట్టేటప్పుడు ఫ్యాన్ వేసి కిటికీ తియ్యి, అయినా మోగితే దాని మీద నొక్కే బొత్తాం ఉంటుంది, కాసేపు ఊరుకుంటుంది. వంటింటికి దగ్గర ఉన్నదాన్ని ఫోటోఎలక్ట్రిక్ రకంతో మార్చమని మేనేజర్‌ని అడుగు, అవి వంట పొగకి ఊరికే మోగడం తక్కువ. దీపారాధన కర్టెన్‌కి దూరంగా, పళ్ళెంలో పెట్టుకో. దీపం వెలుగుతుండగా బయటికి వెళ్ళకు. జూన్‌లో అమ్మ వస్తే అఖండం పెడతానంటుంది, ఆవిడకి కూడా ముందే చెప్పి ఉంచు.

ఆ డాలస్ వాళ్ళకి మొహమాటపడకుండా విషయం చెప్పండి. ఉత్త 117 చీటీ ఉన్నదాన్ని ఇంకో పసిపిల్లలున్న ఇంటికి ఇవ్వకుండా, మునిసిపాలిటీ వాళ్ళు పెద్ద సామాను తీసుకెళ్ళే రోజున పెట్టేయమనండి. చీటీ ఫొటో తీసి నాకు పంపు, ఏదైనా అర్థంకాకపోతే చూసి చెబుతాను. కొత్తది కొనాల్సి వస్తే మీరిద్దరూ డబ్బు గురించి తర్జనభర్జన పడొద్దు. బాబు మొదటి పుట్టినరోజుకి నేను ఇవ్వాలనుకున్నది రెండు నెలలు ముందుగా ఇచ్చాననుకోండి. పెద్దది అక్కర్లేదు, ముగ్గురు కూర్చునేది చాలు.

మీ అక్క